పందెమూ - పథ్యమూ

పరుగెత్తి పాలు త్రాగేకంటె నిలబడి నీళ్ళు త్రాగడం మేలని మన పెద్దలు సామెత చెప్పినారు. ఆ సామెత పుట్టిన కాలంలో పరుగు ఒక అవస్థ. వైద్యుని కొరకో, తప్పిపోయిన పశువు కొరకో పరుగెత్తినవారే గాని పరుగు కొరకే పరుగెత్తినవారు అరుదు. ఈనాడు కాలం మారినది. ఏటా ఆగస్టు నెలాఖరులో హైదరాబాదు నగరంలో తెల్లవారకముందే వేలకొలది జనం మారథాను పరుగు కొరకు బారులు తీరుతున్నారు. చలికాలం మొదట విశాఖపట్టణపు సముద్రతీరాన, జనవరిలో ముంబయి నగరాన ఇట్లే జరుగుతున్నది. వీరిలో అత్యధికులు ఒలింపిక్ వీరులు కారు. బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, కంప్యూటరు పనివారు, గృహిణులు, పింఛను పుచ్చుకొనే పెద్దలు. బహుమానం మీద వీరికి ఆశ లేదు. 42 కిలోమీటర్ల 195 మీటర్ల దూరం తమ కాళ్ళతో తాము దాటగలమా అన్న ప్రశ్నకు జవాబు కావలెనని వీరి ఆరాటం.

ఆ జవాబు కొరకు నాలుగైదు నెలలు సాధన చేస్తారు. చీకటితో లేస్తారు. విందులు మానుకొంటారు. వారానికి ఇన్ని కిలోమీటర్లని పుస్తకంలో వ్రాసుకొంటారు. తీరా పందెం మూడు వారాలు ఉన్నదనగా ఒకనాటి సాయంత్రం ఒళ్ళు నొప్పులు, చలి, జ్వరం. ఆగస్టు మాసం వానాకాలం నడుమ వచ్చేది. నీరు నిలిచి దోమలు పెరిగి, ఇంటింటా ఏదో ఒక జ్వరం పలకరించే రోజులవి. కాబట్టి ఇది ఎక్కడో ఒకరికి కలిగే దురదృష్టం కాదు. సాధన చేసే పదిమందిలో ఇద్దరు ముగ్గురైనా ఏదో ఒక ఏట ఎదుర్కొనక తప్పని చిక్కు.

అట్టి సమయంలో మనసు రెండు దారులు చూపుతుంది. ఇంత శ్రమా బూడిదలో పోసిన పన్నీరైనదని సర్వం వదలివేయుమన్నది ఒకటి. జ్వరం దిగీ దిగకముందే లేచి, పోయిన దూరమంతా పది రోజులలో పూడ్చుకొమ్మన్నది రెండవది. మొదటి దారిలో నిరాశ ఉన్నది, రెండవ దారిలో ప్రమాదం ఉన్నది. ఈ రెండింటికీ మూలం ఒకటే: పోయిన రోజుల విలువను సరిగా లెక్కకట్టలేకపోవడం. ఆ లెక్క తెలిసినవానికి మూడవ దారి కనబడుతుంది. దానిని గూర్చి చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

సాధన వలన శరీరంలో కలిగే మార్పులన్నీ ఒకే తీరున రావు, ఒకే తీరున పోవు. ముందుగా రక్తం సంగతి చూడండి. క్రమంగా పరుగెత్తేవానిలో రక్తపు ద్రవభాగం పెరుగుతుంది. అందువలన గుండె ఒక్కొక్క తోపుకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. ఈ ద్రవభాగం కొద్ది రోజులలోనే పెరుగుతుంది. మంచాన పడితే కొద్ది రోజులలోనే తగ్గుతుంది. జ్వరం నుంచి లేచినవాడు నాలుగు మెట్లు ఎక్కగానే గుండె దడదడలాడడానికి ఇదొక కారణం. కాని తిరిగి నడక, పరుగు మొదలుపెడితే మొదట కోలుకొనేదీ ఇదే. ఎర్రకణాల ఆయువు సుమారు 120 రోజులు. కనుక ఒక వారం పడుకొన్నంత మాత్రాన అవి అడుగంటిపోవు. కండరాలలో ప్రాణవాయువును వినియోగించుకొనే శక్తి వారాలమీద సమకూడి, వారాలమీద సన్నగిల్లుతుంది. కండరాలను అల్లుకొన్న సన్నని రక్తనాళికలు నెలలమీద ఏర్పడినవి. అవి అంత సులభంగా మాయం కావు.

ఈ విషయమై అమెరికాలో కాయిల్ మొదలైన శాస్త్రజ్ఞులు 1984లో ఒక పరిశోధన ఫలితాన్ని ప్రకటించినారు. ఏళ్ళ తరబడి సాధన చేసిన ఏడుగురిచేత 84 రోజులు సాధన మాన్పించి పరీక్షించినారు. శరీరం గరిష్ఠంగా ప్రాణవాయువును వినియోగించుకొనే శక్తి మొదటి మూడు వారాలలో సుమారు 7 శాతం, 84 రోజులకు సుమారు 16 శాతం తగ్గినది. అప్పటికి కూడ వారు ఏనాడూ సాధన చేయనివారికంటె మెరుగుగానే ఉన్నారు. కండరాలలోని రక్తనాళికలు దాదాపు చెక్కుచెదరలేదు. అనగా ఏళ్ళ కూడబెట్టిన మూలధనం మూడు వారాలలో హరించుకొనిపోదు. పోయేది పైపై వడ్డీ మాత్రమే.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆ ఏడుగురూ ఆరోగ్యవంతులు. వారు విశ్రాంతి తీసుకొన్నారు గాని జబ్బుపడలేదు. జబ్బుపడినవానికి విశ్రాంతివలన కలిగే నష్టం కొంత, జబ్బువలన కలిగే నష్టం మరికొంత. జ్వరంలో ఒళ్ళు ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కితే నాడి నిమిషానికి సుమారు పది కొట్లు పెరుగుతుంది. కూర్చున్నచోటనే శరీరం ఎక్కువ ఇంధనాన్ని ఖర్చుచేస్తుంది. అన్నం సయించదు. చెమటతో నీరు, ఉప్పు పోతాయి. కండరాలలోని మాంసకృత్తులు కూడ కొంత కరిగి ఖర్చవుతాయి. కాలేయంలోను, కండరాలలోను నిలువచేసుకొన్న పిండిపదార్థం తరిగిపోతుంది. ఆ నిలువ నిండుగా ఉన్నప్పుడే సామాన్యునికి సుమారు 30 కిలోమీటర్లకు సరిపోతుంది. మారథాను పరుగులో 30వ కిలోమీటరు దాటిన తరువాత కాళ్ళు సీసపు దిమ్మలైనట్లు తోచడం అందువలననే. కాబట్టి పది రోజులు ఊరికే కూర్చున్నవాడూ, పది రోజులు జ్వరపడినవాడూ ఒకటి కారు.

పోయిన రోజులు ఎన్ని అన్నదానితోబాటు, అవి పందేనికి ఎంత ముందు పోయినవి అన్నది కూడ ముఖ్యమే. పది పన్నెండు వారాల ముందు జ్వరం వస్తే చింత లేదు. సాధన పట్టికను ఒక వారం వెనుకకు జరుపుకొంటే చాలును. నాలుగు నుంచి ఆరు వారాల ముందు వస్తే నష్టం ఎక్కువ. ఎందుకనగా 30 కిలోమీటర్ల పొడుగుపాటి పరుగులు చేసి శరీరాన్ని దూరానికి అలవాటుచేసే కాలమది. ఇక చివరి రెండు వారాల సంగతి విచిత్రమైనది. ఆ రోజులలో ఆరోగ్యవంతులు కూడ పరుగును సుమారు సగానికి తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇస్తారు. చివరి వారంలో ఎంత సాధన చేసినా పందెంనాటికి దాని ఫలం చేతికి రాదు, అలసట మాత్రం మిగులుతుంది. కనుక ఆ వారంలో సాధన తప్పినందువలన నష్టం స్వల్పం. కాని కోలుకొనడానికి వ్యవధి లేదు గనుక జబ్బువలన వచ్చే ప్రమాదం అప్పుడే ఎక్కువ. అందరూ భయపడేది తప్పిన పరుగులకు. భయపడవలసినది మిగిలిన జబ్బుకు.

ఏ జబ్బుకు ఎంత విశ్రాంతి అన్నది వైద్యుడు నిర్ణయించవలసిన విషయం. అయినా సామాన్యులు గుర్తుంచుకొనదగిన ఒక గీత ఉన్నది. ఆ గీత మెడ దగ్గర ఉన్నది. మెడకు పైన మాత్రమే బాధ ఉన్నప్పుడు, అనగా ముక్కు కారడం, తుమ్ములు, కొద్దిపాటి జలుబు, జ్వరం లేనప్పుడు, నిదానంగా కొద్ది దూరం పరుగెత్తవచ్చును. పది నిమిషాలకు ఒళ్ళు తేలికపడితే కొనసాగించవచ్చును, బరువెక్కితే ఇంటికి మరలవలెను. మెడకు దిగువన బాధ ఉన్నప్పుడు, అనగా రొమ్ములో దగ్గు, ఆయాసం, ఒళ్ళునొప్పులు, విరేచనాలు ఉన్నప్పుడు, ఏ స్థాయిలోనైనా జ్వరం ఉన్నప్పుడు, పరుగు నిషిద్ధం. మాత్ర వేసుకొని జ్వరాన్ని దింపి పరుగెత్తడం కొలతకు మసిపూయడమే గాని జబ్బును తగ్గించడం కాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉన్నది. కొన్ని వైరస్ జ్వరాలలో గుండె కండరానికి వాపు రావచ్చును. అది అరుదే. కాని ఆ స్థితిలో తీవ్రంగా శ్రమపడితే గుండె లయ తప్పి ప్రాణాపాయం కలుగవచ్చును. 2020 తరువాత వ్యాపించిన కోవిడ్ మహమ్మారివలన ఈ సంగతి లోకానికి మరింత తెలిసివచ్చినది. జ్వరం తరువాత రొమ్ములో నొప్పి, గుండె అదరడం, స్పృహ తప్పినట్లు కావడం, ఇదివరకు లేని ఆయాసం వీటిలో ఏది కనబడినా వైద్యునికి చూపించుకొననిదే బూట్లు తొడగకూడదు. గుండె కండరానికి వాపు ఉన్నదని తేలితే మూడు నుంచి ఆరు నెలల పాటు శ్రమ మానుకొనుమనడం వైద్యుల పద్ధతి. అప్పుడు పందెం మాట తలపెట్టవలసిన పనే లేదు.

మన ప్రాంతపు జ్వరాలకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుణం ఉన్నది. డెంగీ జ్వరంలో జ్వరం దిగిన వెంటనే గండం గడిచినదని అనుకొనరాదు. అసలు గండం ఆ దిగే ఒకటి రెండు రోజులలోనే పొంచి ఉంటుంది. తరువాత నీరసం వారాల తరబడి పీడించవచ్చును. ఆ జ్వరంలో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు రక్తస్రావానికి దోహదం చేస్తాయి గనుక వాటిని తాకరాదు. మలేరియా ఎర్రకణాలనే పగులగొడుతుంది. కాబట్టి ఎర్రకణాల ఆయువు 120 రోజులని ఇందాక చెప్పిన ధైర్యం మలేరియా పడినవానికి వర్తించదు. రక్తపరీక్ష చేయించుకొని హీమోగ్లోబిన్ కోలుకొన్నదని తెలుసుకొన్న తరువాతనే అతడు పరుగు మాట ఎత్తవలెను. టైఫాయిడ్ ప్రేగులను పుండుచేస్తుంది, తగ్గినట్లే తగ్గి తిరగబెడుతుంది. దానికి వాడే మందులలో సిప్రోఫ్లాక్సాసిన్ జాతివి కొన్ని ఉన్నవి. అవి అరుదుగా మడమ వెనుక స్నాయువును బలహీనపరచి తెగిపోయేటట్లు చేయగలవు. పరుగెత్తేవానికి ఆ స్నాయువే ఆయువుపట్టు. కనుక తాను పందెంలో దిగబోతున్న సంగతి వైద్యునితో ముందే చెప్పడం మంచిది.

జ్వరం తగ్గినది. ఇప్పుడేమి చేయవలెను? మన ఇళ్ళలో దీనికి ఒక చక్కని మాట ఉన్నది: పథ్యం. జబ్బు పోయిన తరువాత కూడ జబ్బును మరచిపోకుండా కొన్నాళ్ళు నడుచుకొనడమే పథ్యం. మొదట జావ, తరువాత చారన్నం, తరువాత బీరకాయ కూర, ఆ తరువాతనే పప్పూ ఆవకాయా. తిండికి ఉన్న ఈ వరుసే పరుగుకూ ఉండవలెను. మందు వేసుకొనకుండా రెండు పూర్తి రోజులు జ్వరం రాకుండా ఉండవలెను. ఆకలి తిరిగి రావలెను. ఇంటిపనులు చేసుకొన్నా అలసట రాకూడదు. అప్పుడు నడక. నడకలో ఇబ్బంది లేకపోతే నడుమ నడుమ మెల్లని పరుగు. మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత మెల్లగా. వేగపు పరుగులు, కొండ ఎక్కే పరుగులు చిట్టచివర.

దీనికి ఒక కొలబద్ద మీ మణికట్టు దగ్గరనే ఉన్నది. ప్రొద్దున నిద్ర లేవగానే, పక్కమీద ఉండగానే నాడిని నిమిషంపాటు లెక్కపెట్టుకొనండి. జబ్బుకు ముందు అది 58 ఉండేదనుకొందాం. ఇప్పుడు 70 ఉన్నదంటే శరీరం ఇంకా లోపల మరమ్మతు పనిలో ఉన్నదని అర్థం. ఆనాడు పరుగు మానవలెను. రెండు మూడు రోజులు వరుసగా పాతలెక్కకు దగ్గరగా వస్తే ఒక మెట్టు ఎక్కవచ్చును. చేతిగడియారాలే నాడిని చూపే ఈ రోజులలో ఇది మరీ సులభం.

ఒక ఉదాహరణ చెబుతాను. పందేనికి 21 రోజులు ఉన్నదనగా ఒకరికి సామాన్యమైన వైరస్ జ్వరం వచ్చి అయిదు రోజులు ఉన్నదనుకొనండి. మిగిలినవి 16 రోజులు. అందులో మొదటి మూడు రోజులు ఇంటిపట్టున విశ్రాంతికి, కడుపునిండా భోజనానికి. తరువాత నాలుగు రోజులు నడకకు, మొదట 20 నిమిషాలు, చివరకు 45 నిమిషాలు. ఆపైన ఆరు రోజులు రోజు విడిచి రోజు మెల్లని పరుగు, 20 నిమిషాలతో మొదలుపెట్టి 50 నిమిషాలకు మించకుండా. చివరి మూడు రోజులు ఎట్లాగూ విశ్రాంతివే. ఇందులో పొడుగుపాటి పరుగు ఒక్కటీ లేదు. మూడు వారాల ముందు చేయవలసిన 30 కిలోమీటర్ల పరుగు తప్పిపోయినది, తప్పిపోయినట్లే. దానిని వారం ముందు చేయబూనితే బలం రాదు, ఉన్న బలం పోతుంది.

తప్పిన పరుగులను చాలమంది బాకీగా భావిస్తారు. బాకీ తీర్చకపోతే పరువు పోతుందన్నట్లు, ఒక వారంలో రెండు వారాల దూరం పరుగెత్తుతారు. శరీరానికి ఈ వడ్డీ వ్యాపారం తెలియదు. పదిహేను రోజులు తడి అందక వాడిన మడికి రైతు పదిహేను రోజుల నీటిని ఒక్కనాడు పెట్టడు. పెడితే వేరు కుళ్ళుతుంది. వాడిన వేరుకు పట్టినంతే పెడతాడు, అది తేరుకొన్న తరువాత మరికొంత. పోయిన తడి పోయినదే. ఇకమీది తడి తప్పకుండా చూసుకొనడమే అతడు చేయగలిగినది.

ఈ మాటలు సామాన్యులకే గాని మహావీరులకు వర్తించవని కొందరికి తోచవచ్చును. మహావీరుల చరిత్ర కూడ ఇదే చెబుతున్నది. ఇథియోపియా దేశీయుడు అబెబె బికిలా 1960లో రోము నగరంలో వట్టి కాళ్ళతో పరుగెత్తి మారథాను గెలిచినాడు. 1964లో టోకియో ఒలింపిక్ పందేనికి సుమారు అయిదు వారాల ముందు, సెప్టెంబరు 16న, ఉండుకవాపుకు ఆయనకు శస్త్రచికిత్స జరిగినది. అక్టోబరు 21న ఆయన 2 గంటల 12 నిమిషాల 11 సెకండ్లలో, రెండవవానికంటె నాలుగు నిమిషాలు ముందుగా వచ్చి గెలిచినాడు. అప్పటికి ఆ దూరాన్ని అంత వేగంగా పరుగెత్తినవారు ప్రపంచంలో లేరు. ఆ పందేన్ని రెండుసార్లు గెలిచినవారిలో ఆయనే మొదటివాడు.

ఈ కథను మొండితనానికి నిదర్శనంగా చెప్పడం పరిపాటి. అయితే ఒక్క సంగతి గమనించవలెను. ఆయనకు కలిగినది కోసి తీసివేయగలిగిన జబ్బు. తీసివేసిన తరువాత మిగిలినది గాయం మానడమే. వెనుక ఉన్నది సముద్రమట్టానికి రెండువేల మీటర్లకు పైనున్న సీమలో ఏళ్ళకొలది చేసిన సాధన. అంత మూలధనం ఉన్నవానికి అయిదు వారాలలో పోయినది పిసరంత. ఆ పిసరును చూసి నాలుగు నెలల సాధన మాత్రమే ఉన్నవాడు డెంగీ నుంచి లేచి ధైర్యం తెచ్చుకొనడం పోలిక తెలియని పని.

అదే బికిలా 1968లో మెక్సికో నగరంలో మూడవసారి పందెంలో దిగినాడు. అప్పటికే కాలికి దెబ్బ తగిలి బాధపడుతున్నాడు. సుమారు 17 కిలోమీటర్లు పరుగెత్తి, కాలు సహకరించక, పందెం నుంచి తప్పుకొన్నాడు. ఆయన దేశీయుడే మామో వోల్డె ఆనాడు గెలిచినాడు. లోకం రోమును, టోకియోను చెప్పుకొంటుంది, మెక్సికోను చెప్పుకొనదు. రెండుసార్లు ప్రపంచాన్ని గెలిచినవానికి 17వ కిలోమీటరు దగ్గర ఆగడం ఎంత కష్టమో ఊహించవచ్చును. ఆగవలసినచోట ఆగడం పందెగానికి చిన్నతనం కాదనడానికి ఇంతకంటె గొప్ప సాక్ష్యం అక్కరలేదు.

ఇక చెకొస్లొవేకియా వీరుడు ఎమిల్ జాటొపెక్. 1952లో హెల్సింకీ నగరంలో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాను మూడింటినీ ఒకే ఒలింపిక్ క్రీడలలో గెలిచినాడు. మరొకరు ఆ పని చేయలేదు. 1956లో మెల్‌బోర్న్ క్రీడలకు ముందు గజ్జలలో దెబ్బ తగిలి ఆరు వారాలు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చినది. బయటకు వచ్చి మళ్ళీ సాధన మొదలుపెట్టినాడు గాని పూర్వపు సత్తువ రాలేదు. అయినా మారథానులో దిగినాడు. గెలిచినవాడు ఫ్రాన్సు దేశీయుడు అలెన్ మిమూన్. అంతకుముందు ఒలింపిక్ పందేలలో మూడుసార్లు జాటొపెక్ వెనుకనే రెండవవాడుగా వచ్చిన మనిషి. మిమూన్ గమ్యం చేరి, మిత్రుని కొరకు అక్కడనే నిలిచి ఎదురుచూచినాడు. జాటొపెక్ ఆరవవాడుగా వచ్చినాడు. మిత్రుడు గెలిచినాడని విని, టోపీ తీసి వందనం చేసి కౌగిలించుకొన్నాడు. ఆనాటి ఒంటితో సాధ్యమైన స్థానం ఆరవది. దానిని ఆయన సంతోషంగా స్వీకరించినాడు.

అమెరికా దేశీయురాలు జోన్ బెనాయిట్ కథ మరొకటి. 1984లో ఒలింపిక్ ఎంపిక పందేనికి 17 రోజుల ముందు ఆమె మోకాలికి శస్త్రచికిత్స జరిగినది. కొద్ది రోజులకే పరుగు మొదలుపెట్టగా, ఆ మోకాలిని కాచుకొనే ప్రయత్నంలో రెండవ కాలి తొడ వెనుక కండరం నొప్పిపట్టినది. ఎట్లో ఎంపిక పందెం గెలిచి, ఆ ఆగస్టులో లాస్ ఏంజిలిస్ నగరంలో స్త్రీల మొట్టమొదటి ఒలింపిక్ మారథానును 2 గంటల 24 నిమిషాల 52 సెకండ్లలో గెలిచినది. గెలుపును అందరూ చూచినారు. మనం తొడ నొప్పిని కూడ చూడవలెను. తొందరపడిన శరీరం ఒకచోటి భారాన్ని మరొకచోటికి నెట్టుతుంది. ఆమెకు పక్కనే వైద్యులు ఉన్నారు, చేయవలసిన పని అదొక్కటే. మన పందెగాండ్రకు మరునాడు ఉదయం ఆఫీసు ఉన్నది.

ఇప్పుడు పందెంనాటి నిర్ణయానికి వద్దాం. జ్వరం పోయినది, నాడి కుదుటపడినది, వైద్యుడు సరేనన్నాడు. అప్పుడు దిగవచ్చును, కాని పాత లెక్కతో కాదు. నాలుగున్నర గంటలలో ముగించవలెనని సాధన చేసినవాడు కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకండ్లు పట్టించవలెను. జబ్బుపడి లేచినవాడు దానికి అర నిమిషం కలుపుకొంటే మొత్తంమీద ఆలస్యం 21 నిమిషాలు మాత్రమే. మొదటి పది కిలోమీటర్లలో ఈ ఇరవైయొక్క నిమిషాలకు లోభపడినవాడే చివరి పదిలో గంట పోగొట్టుకొంటాడు. దాహం తీరేటంత నీరు త్రాగవలెను, భయంతో కడుపునిండా పట్టించకూడదు. మితిమీరిన నీరు రక్తంలోని ఉప్పును పలుచబరచి ప్రాణం మీదికి తేగలదు. నొప్పి మాత్ర మ్రింగి పరుగెత్తరాదు. నీరు తగ్గిన ఒంటిలో అది మూత్రపిండాలకు హాని. వణుకు, తలతిరుగుడు, రొమ్మునొప్పి, మాట తడబాటు వీటిలో ఏది వచ్చినా ఆ నిమిషమే ఆగి వైద్యసిబ్బందిని పిలువవలెను. పూర్తి దూరం సందేహంగా ఉంటే, నిర్వాహకులు అనుమతించినచోట 21 కిలోమీటర్ల సగం పందేనికి మారడం వివేకం.

దిగకూడని సందర్భాలు కూడ స్పష్టమే. పందేనికి ముందు వారంలో జ్వరం ఉన్నవాడు, మందు ఇంకా ముగియనివాడు, మెట్లెక్కితే ఆయాసపడేవాడు, ఉదయపు నాడి దిగనివాడు ఆనాడు పందెం చూడవలెను గాని పరుగెత్తరాదు. రుసుము కట్టినాము, రైలు టిక్కెట్టు కొన్నాము, మిత్రులతో చెప్పినాము అన్నవి కారణాలు కావు. బతికుంటే బలుసాకు తినవచ్చునన్న మాట పిరికివాడు చెప్పినది కాదు, మరునాటి పంటను నమ్మినవాడు చెప్పినది.

ఇంటివారికి ఒక మాట. జ్వరపడిన పందెగానితో, ఈ వయసులో నీకీ పరుగులెందుకని ఎత్తిపొడవకండి. ఆ మాటకు రోషపడి లేచినవారు ఉన్నారు. పోయినది అయిదు రోజులే, నీ నాలుగు నెలలు నీ ఒంటిలోనే ఉన్నవని చెప్పండి. అది ఓదార్పు మాట మాత్రమే కాదు. పరిశోధకులు కొలిచి చూచిన నిజం. మనసు కుదుటపడితే మనిషి పథ్యంలో నిలుస్తాడు.

ఓర్పును పరీక్షించే పందెమని మారథానుకు పేరు. ఆ పరీక్ష పందెంనాడు తెల్లవారుజామున మొదలవుతుందని అనుకొంటాము. జబ్బుపడినవానికి అది ముందే మొదలైనది. బూట్లు తలుపు పక్కన ఉండగా, కిటికీలోనుంచి తోడివారు పరుగెత్తిపోవడం కనబడుతుండగా, పక్కమీద పడుకొని నాడి లెక్కపెట్టుకొని, ఈ రోజు కాదు, రేపు చూద్దామని అనుకొనగలగడం 30 కిలోమీటర్ల పరుగుకంటె తేలిక కాదు. ఆ నాలుగు రోజులు పుస్తకంలో సున్నలుగా కనబడతాయి. వాటిని కూడ సాధన కిందనే వ్రాసుకొనండి.